సున్నా రావాల్సిన చోట

మా ఇంట్లో గ్రైండరు ఎప్పుడు వేయాలో, ఎప్పుడు వేయకూడదో నా పీహెచ్‌డీయే నిర్ణయించేది. హాస్యానికి అనడం లేదు. చోడవరంలో కరెంటు చెప్పి పోదు. పోయినప్పుడు ఇన్వర్టరు అందుకుంటుంది, కానీ ఆ సమయంలో గ్రైండరు తిరుగుతూ ఉంటే బరువు మోయలేక అది కూడా కూలబడుతుంది. నా కంప్యూటరు ఆరిపోతుంది. పొద్దున్నుంచి నడుస్తున్న సిమ్యులేషన్ మొత్తం గాలికి పోతుంది. అలా రెండుసార్లు పోయాక మా అత్త ఒక కట్టుబాటు పెట్టింది. పిండి శనివారమే రుబ్బేసుకోవాలి. ఆదివారం గ్రైండరూ, మిక్సీ, ఇస్త్రీపెట్టె ఏవీ ముట్టుకోకూడదు. పక్కింటావిడ పచ్చడి రుబ్బుకోవడానికి మిక్సీ వేస్తే గోడ మీంచి కేకేసేది.

"ఓలమ్మా, ఆపు! మా కోడలి లెక్క ఉడుకుతంది!"

వాళ్ళ మీటరు వేరు, మన మీటరు వేరు అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఆవిడ దృష్టిలో కరెంటంటే ఊరందరికీ కలిపి ఒకటే.

ఆ లెక్క ఏమిటో ఆవిడకు చెప్పడానికి నాకు దొరికిన ఏకైక దారి గ్యాస్ లైటరు. దానిలో బ్యాటరీ ఉండదు. బొటనవేలితో నొక్కితే లోపల చిన్న స్ఫటికం మీద దెబ్బ పడుతుంది, ఆ ఒత్తిడికే కరెంటు పుట్టి నిప్పురవ్వ వస్తుంది. నేను చదివేది అదే అన్నాను. ఆవిడ లైటరును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేటే, లైటరు సదువా? దీనికి ఇన్నేళ్ళా?"

ఇన్నేళ్ళే. నాది మూడు పరమాణువుల మందం ఉన్న రేకు. మధ్యలో మాలిబ్డినం, పైనా కిందా గంధకం. అంత పల్చటి రేకును ట్రాన్సిస్టరులో పెట్టి, రెండు చివర్లా లోహం తగిలించి, మెల్లిగా సాగదీస్తే ఏమవుతుందన్నది నా ప్రశ్న. సాగదీసినప్పుడు ఒక చివర ధన ఆవేశం, రెండో చివర రుణ ఆవేశం పోగవుతాయి. దాంతో కరెంటు దాటాల్సిన గుమ్మం ఒక చివర తగ్గుతుంది, రెండో చివర పెరుగుతుంది. అటు నుంచి ఇటు పంపిన కరెంటుకూ, ఇటు నుంచి అటు పంపిన కరెంటుకూ తేడా వస్తుంది. ఆ తేడాయే నా థీసిస్. నేను రేకునూ చూడలేదు, ట్రాన్సిస్టరునూ చూడలేదు. చూడగలిగే పరికరాలు మా చుట్టుపక్కల ఎక్కడా లేవు. అంతా కంప్యూటరులోనే పుట్టించి, కంప్యూటరులోనే సాగదీసి, తేడాను గీత గీసి చూసుకునేదాన్ని. వారమంతా ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు, శనివారం విశాఖపట్నంలో మా గైడు దగ్గరికి, ఆదివారం ఇంట్లో లెక్క. మా ఆయన పరవాడలో షిఫ్టు డ్యూటీ. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు నిద్రపోతుండేవాడు, మెలకువ వచ్చేసరికి బస్సెక్కేవాడు. అందువల్ల నా చదువుకు అసలు కాపలాదారు అత్తే.

ఈ పని చేసేవాళ్ళెవరూ మొదటి నుంచి మొదలుపెట్టరు. మా ల్యాబులో ఒక ఫైలు ఉంది. నాకంటే చాలా ముందు చదివిన సీనియరు ఒకాయన రాసింది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ గైడు ఆ ఫైలును పెన్‌డ్రైవులో వేసి, తూర్పు వైపు తిరిగి చేతికిచ్చేవారు. ఫైలు తెరవగానే మొదటి వరుసలో ఇంగ్లీషు అక్షరాల్లో 'శ్రీ' అని ఉంటుంది. కొన్ని పేజీల కింద చుక్కలతో ఒక అడ్డగీత ఉంటుంది. గీతకు పైనున్నది ముట్టుకోకూడదు. కింద మన ఇష్టం. ఇది ఎక్కడా రాసి పెట్టిన నియమం కాదు, కానీ మా ల్యాబులో దాన్ని మీరినవాళ్ళు లేరు.

ఎందుకు ముట్టుకోరో చెప్పాలి, లేకపోతే మేమంతా తెలివితక్కువవాళ్ళమనిపిస్తుంది. కంప్యూటరు ఇలాంటి లెక్కకు జవాబు ఒక్కసారిగా చెప్పదు. ముందు ఒక ఊహ చేస్తుంది, దాన్ని సరిదిద్దుకుంటుంది, మళ్ళీ సరిదిద్దుకుంటుంది. ఆ దిద్దుబాట్లు తగ్గుతూ తగ్గుతూ ఒకచోట కుదురుకుంటే, మా మాటల్లో కన్వర్జ్ అయితే, జవాబు వచ్చినట్టు. కుదురుకోకపోతే పూట పూటంతా తిరిగి, చివరికి ఒక ఎర్ర వరుస ముఖాన కొట్టి ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో చెప్పదు. ఆ ఎర్ర వరుస చూసి నెలలు పోగొట్టుకున్నవాడికి, కుదురుకునే ఫైలు దొరికితే ఇంక దాని జోలికి వెళ్తాడా? ఆ ఫైలు కుదురుకునేది. మాకు అంతకన్నా ఏం కావాలి.

నాకు యూనివర్సిటీ ఇచ్చిన గడువు, పొడిగించిన గడువు, మళ్ళీ పొడిగించిన గడువు అన్నీ అయిపోయి, చిట్టచివరి పొడిగింపు నడుస్తున్న రోజులవి. అది దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. డిగ్రీ లేకపోతే వచ్చే ఏడు పాఠాలు చెప్పనివ్వబోమనీ, ల్యాబులు మాత్రమే చూసుకోవాలనీ కాలేజీ ముందే చెప్పేసింది. ఆ తర్వాతి ఏడు సంగతి వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు. థీసిస్ దాదాపు అయిపోయింది. గైడు మొత్తం తిరగేసి, "అమ్మా, పల్చగా ఉంది. ఇంకో చాప్టరు ఉంటే బాగుంటుంది" అన్నారు.

సులువైన చాప్టరు ఏదా అని ఆలోచించాను. ఆ రేకులో పరమాణువులు తేనెపట్టు గదుల్లా అమరి ఉంటాయి. ఒక దిక్కున ట్రాన్సిస్టరు కోస్తే చివర్లలో ఆవేశం పోగవుతుంది, దాన్ని ఆర్మ్‌చెయిర్ అంటారు. అడ్డంగా తిప్పి కోస్తే చివర్లలో ఏమీ పోగవదు, దాన్ని జిగ్‌జాగ్ అంటారు. మా ల్యాబులో అందరూ మొదటిదే చేశారు, ఎందుకంటే రెండోదానిలో వచ్చేది సున్నా అని అందరికీ తెలుసు. సరే, ఆ సున్నానే వేసి చూపిస్తే పోలా? తేడా ఉండాల్సిన చోట ఉందీ, ఉండకూడని చోట లేదూ అని నాలుగు పేజీలు రాసేయొచ్చు. ఒక్క ఆదివారం పని.

చెరకు ఆడుతున్న కాలం. కిటికీ తీస్తే చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన, రోలుగుంట వైపు నుంచి వచ్చే చెరకు ట్రాక్టర్ల మోత. పొద్దున్నే ఫైలు తెరిచి, గీతకు కింద ఆవేశాన్ని సున్నా చేసి వదిలేసి, వంటింట్లోకి వెళ్ళి అత్తతో కూర్చుని చిక్కుడుకాయలు వలిచాను. మధ్యాహ్నం వచ్చి చూస్తే కుదురుకుంది. గీత గీయమన్నాను. తెర మీద అదే మూపురం. ఇన్నేళ్ళుగా నేను గీస్తున్న అదే తేడా, అదే వంపు.

మొదట నాకు కోపం వచ్చింది. నా మీద. పాత ఫలితాన్నే తెరిచానేమో అనుకుని మళ్ళీ నడిపాను. మళ్ళీ అదే. ఆవేశం నిజంగానే సున్నా ఉందా అని చూశాను, ఉంది. సాగదీసినప్పుడు రేకు గుణం మొత్తంగా కొంత మారుతుంది, అది నిజమే. కానీ ఆ మార్పు రెండు చివర్లా సమానం. అటు పంపినా ఇటు పంపినా కరెంటు ఒకేలా మారాలి. తేడా రావడానికి కారణమే లేదు. వచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం మొదటిసారిగా ఫైలులో ఆ చుక్కల గీతకు పైనున్నది చదివాను. లెక్క వేయడానికి రేకును చిన్న చిన్న గళ్ళుగా కోయాలి, దాన్ని మెష్ అంటాం. సీనియరు ఒక చివర గళ్ళు చాలా సన్నగా కోశాడు, రెండో చివర ముతకగా వదిలేశాడు. ఆయన తప్పేమీ కాదు, ఆ రోజుల్లో ఆయన చూస్తున్నది ఒక్క చివరే. ముతకగా వదిలితే లెక్క త్వరగా కుదురుకుంటుంది కూడా. తర్వాత ఆయనా, మేమూ అదే ఫైలుతో రెండు చివర్లనూ పోల్చడం మొదలుపెట్టాం. ఒక కన్నుకు అద్దం పెట్టుకుని, రెండో కన్నుకు పెట్టుకోకుండా, లోకం వంకరగా ఉందని రాశాం. నా తేడా రేకులోంచి వచ్చింది కాదు, గళ్ళలోంచి వచ్చింది.

మరి ఇన్నాళ్ళూ మా జవాబులు అచ్చయిన పేపర్లతో సరిపోయాయి కదా అంటే, మేము పోల్చుకున్న పేపర్లు సీనియరువి. అవీ ఆ ఫైలులోంచి వచ్చినవే. మాకు మేమే సాక్షులం.

గైడుకు చెప్పాను. ఆయన నెమ్మదస్తుడు, ఆ వేసవికే రిటైరవబోతున్నారు. చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"అనుమానంతో అందరి పనీ కొట్టిపారేయలేం కదమ్మా. రెండు వైపులా గళ్ళు సమానంగా సన్నగా పెట్టి, ఆ సున్నా తెప్పించు. వచ్చిందనుకో, థీసిస్ దాని మీదే రాద్దాం, నేనే ముందు సంతకం పెడతాను. గడువులోగా రాకపోతే మాత్రం ఉన్నది ఇచ్చేయ్. దాన్ని తిప్పి చూసేవాళ్ళెవరూ లేరు."

నాకు అది న్యాయంగానే అనిపించింది. నిజం చెప్పాలంటే సంబరంగా కూడా అనిపించింది. ఒక్క సున్నా వస్తే చాలు. ఉన్నదాన్ని పుట్టించడం కష్టం గానీ, లేనిదాన్ని లేదని చూపించడానికి ఎంతసేపు అనుకున్నాను.

రాలేదు. గళ్ళు సన్నగా చేయగానే లెక్క బరువెక్కింది, దిద్దుబాట్లు తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎగిరేవి. సాయంత్రానికి ఎర్ర వరుస. మరో ఆదివారం, మరో ఎర్ర వరుస. సెలవు పెట్టుకుని మామూలు రోజుల్లోనూ కూర్చున్నాను. అత్త దీపం పెట్టాక తలుపు దగ్గరకొచ్చి అడిగేది.

"ఉడికిందేటే?"

"లేదత్తా."

"పోన్లే, రేపు ఉడుకుద్ది."

రాను రాను ఆవిడ ఇంట్లో గిన్నె కూడా చప్పుడు కాకుండా పెట్టడం మొదలుపెట్టింది. చప్పుడుకూ దీనికీ సంబంధం లేదత్తా అన్నాను. "నాకేటి తెలుసు, ఏ పుట్టలో ఏటుందో" అంది. నాకు ఆవిడ మీద అరవాలనిపించింది. అంత జాగ్రత్తగా ఉంటే భరించడం కష్టం.

సీనియరు వాళ్ళది కె.కోటపాడు దగ్గర పల్లె. ఇప్పుడు దూరంగా పెద్ద ఊళ్ళో పెద్ద ఉద్యోగం. మేనకోడలి పెళ్ళికి వస్తున్నాడని తెలిసి ఫోను చేశాను. చోడవరం బస్టాండు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర కలుద్దామన్నాడు. నేను అతన్ని చూడటం అదే మొదటిసారి. సంతోషమైన మనిషి. ఊరి మాట నోట్లోంచి పోలేదు. గైడు ఆరోగ్యం అడిగాడు, మా ఆయన ఎక్కడ పని చేస్తాడని అడిగాడు. నేను జిగ్‌జాగ్ అని మొదలుపెట్టేసరికి టీ గ్లాసు కింద పెట్టాడు.

"సున్నా రాలేదు, అంతేనా?"

"మీకు తెలుసా?"

"తెలుసమ్మా. థీసిస్ ఇచ్చేసేక ఓపాలి తిప్పి సూసేను. రెండేపులా మెష్ సమానంగా ఏసి మళ్ళీ సూసేను. అప్పుడొచ్చింది సున్నా."

"కన్వర్జ్ అయిందా? సన్న మెష్‌తో?"

"అయింది."

ఇంక ఏ మొహమాటమూ లేకుండా అడిగేశాను. "ఆ ఫైలు ఇవ్వండి. నాకు గడువు అయిపోతోంది. అది ఉంటే చాలు, సారు సంతకం పెడతానన్నారు."

ఆయన రోడ్డు మీద రావికమతం వెళ్ళే ఆటో వైపు చూశాడు. అందులో ఎక్కాల్సిన జనం కంటే ఎక్కువ ఎక్కుతున్నారు.

"అది పాత లాప్‌టాపులో ఉండేది. పోయింది" అన్నాడు. మళ్ళీ నా వైపు తిరిగాడు. "ఉన్నా ఏటి సేస్తావు సెప్పు? నా పేపర్లు పోతాయి. సారు రిటైరయ్యే ముందు ఆయనవీ పోతాయి. ఆ ఫైలుతో పాసైపోయినోళ్ళు ఎంతమందున్నారో, ఆళ్ళ పిల్లలు, ఉద్యోగాలు. అంతా తీసుకెళ్ళి నీ సున్నా మీద పెడతావా? అసలు ఆ జిగ్‌జాగ్ ఎందుకు తిప్పేవమ్మా నువ్వు?"

"పేజీలు తక్కువయ్యాయండీ" అన్నాను.

ఆయనకు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. ఇద్దరం బస్టాండు ఎదురుగా నిలబడి నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. లాప్‌టాపు నిజంగానే పోయిందో, పోలేదో నాకు తెలియదు. తన ఊరి ఆటో ఎక్కుతూ ఒక్క మాట అన్నాడు. "సాగదీసేది ఒకేసారి పెట్టకు. అసలేం సాగదీయకుండా మొదలెట్టి, కూసింత కూసింత పెంచు. కుదురుకున్న సోట నించే తర్వాతది మొదలెట్టు. ఓపికుండాలి."

ఓపిక ఉంది. రోజులు లేవు. కూసింత కూసింత పెంచడం మొదలుపెట్టాను. ఒక్కొక్క మెట్టుకూ ఒక పూట పట్టేది, కొన్ని మెట్లకు రోజంతా. ఇప్పుడు కుదురుకుంటోంది, ఎర్ర వరుస రావడం లేదు. అదే ఎక్కువ బాధగా ఉండేది. దారి సరైనదేనని తెలుస్తోంది, గడువులోగా చేరదనీ తెలుస్తోంది. మరొక్క పొడిగింపు కోసం గైడు స్వయంగా వెళ్ళి అడిగారు. కుదరదన్నారు.

ఆఖరి వారంలో ఆయన ఫోను చేశారు. "ఉన్నది తెచ్చేయమ్మా. సంతకం పెట్టి పంపేస్తాను. నేను కుర్చీలో ఉన్నన్నాళ్ళే కదా చేయగలను."

ఆయన గొంతులో నా మీద ప్రేమే ఉంది. అది నాకు స్పష్టంగా వినిపించింది. రాలేనండీ అన్నాను. ఎందుకన్నానో ఇప్పుడు గొప్పగా చెప్పుకోవాలని లేదు. నిజాయితీ అని మా కాలేజీలో ఒకరిద్దరు అన్నారు, నాకు వాళ్ళను కసరాలనిపించింది. ఆ మూపురాన్ని గోడ మీద వేసి, చేతిలో కర్రతో చూపిస్తూ, ఇదిగో ఇది రేకు చేసిన పని అని ఒక గదిలో నిలబడి చెప్పడం నావల్ల కాలేదు, అంతే. నోరు రాదని తెలిసిపోయింది. మా ఆయన ఒకే ఒక్కసారి అడిగాడు.

"ఇచ్చేస్తే ఏటయ్యేది?"

"ఏం అయ్యేది కాదు" అన్నాను.

అదే నిజం. ఏమీ అయ్యేది కాదు. డిగ్రీ వచ్చేది, అత్త వీధంతా లడ్డూలు పంచేది, నేను ఇంకో పదిమందికి ఆ ఫైలు ఇచ్చేదాన్ని. గడువు రోజు మామూలుగా కాలేజీకి వెళ్ళి, మామూలుగా పాఠం చెప్పి, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికి వచ్చాను. ఏడుస్తాననుకున్నాను, ఆకలేసింది. రిజిస్ట్రేషన్ రద్దయిందని రెండు వాక్యాల మెయిలు వచ్చింది. గైడు రిటైరయ్యారు. ల్యాబుకు తాళం పడింది. సెలవులకు ముందే కొత్త విద్యా సంవత్సరానికి నా పేరు ఎదురుగా ఒక్క సబ్జెక్టూ లేకుండా టైంటేబులు వచ్చింది, అన్నీ ల్యాబులే. కారిడారులో ఒకప్పటి నా విద్యార్థులు, "మేడమ్, మాకు మీరు రారా?" అని అడిగితే, వేరే పనులున్నాయి అని చెప్పాను.

లెక్కను మాత్రం ఆపలేకపోయాను. వేసవి సెలవుల్లో పొద్దున్నే ఒక మెట్టు, మధ్యాహ్నం ఒక మెట్టు. కాలేజీలో ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో అడిగితే పాత అలవాటు అన్నాను. జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం, ఉక్కపోత భరించలేక బయట పంపు దగ్గర మొహం కడుక్కుని వచ్చేసరికి చివరి మెట్టు కుదురుకుని ఉంది. గీత గీయమన్నాను.

మూపురం లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు సన్నటి అడ్డగీత. సున్నా. ఎక్కడా వణుకు కూడా లేదు. నేను చేసిన పనిలో మొదటి నిజమైన జవాబు అది.

గైడుకు ఫోను చేశాను. "మంచిదమ్మా, మంచిది" అన్నారు. వెనకాల టీవీ వినిపిస్తోంది. మీ వైపు వానలు పడ్డాయా అని అడిగారు. సీనియరుకు ఆ గీతను పంపించాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, మాట రాలేదు. ఇంకెవరికి పంపాలో ఆలోచిస్తూ చాలాసేపు ఫోను పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు అత్తను పిలిచాను.

ఆవిడ చేతులు చెంగుకు తుడుచుకుంటూ వచ్చి, తెర మీదకు వంగి చూసింది.

"ఏటే ఇది? గీతొకటే ఉంది."

"అదే అత్తా. వచ్చేసింది."

"ఏటొచ్చింది? ఏటీ లేదు కదే."

"ఏమీ రాకూడదు. అదే సరైంది."

ఆవిడ నా మొహం వైపు చూసింది. హాస్యమాడుతున్నానేమో అనుకున్నట్టుంది. కాదని తెలిశాక కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"మరిన్నాళ్ళూ దీనికోసమేనా?"

"ఔనత్తా."

"ఆళ్ళకి సూపించేవేటి మరి?"

"చూపించడానికి ఎవరూ లేరత్తా" అన్నాను.

ఆవిడ మళ్ళీ తెర వైపు తిరిగి ఆ గీతను ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది, చాలాసేపు చూసింది. అందులో చూడటానికి ఏమీ లేదు.